డెక్ వేద్దామా, అరుగు కడదామా? గుడివాడ నల్లమట్టి మీద బయట కూర్చునే చోటు

ఈసారి గుమ్మం దాటి బయటికొద్దాం. మెసేజుల్లో ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది: "అన్నా, రీల్స్‌లో చూస్తున్నాం, ఇంటి వెనక చెక్క డెక్, పైన పెర్గోలా, చుట్టూ చిన్న చిన్న లైట్లు. మా ఇంట్లో వేయించుకోవచ్చా? ఎంతవుతుంది?"

ఎంతవుతుందో నేను చెప్పను. రేట్లు వీడియో ఎడిట్ అయ్యేలోపే మారిపోతాయి. ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు, ఎందుకు, అది మాత్రం చెప్తా. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, సివిల్ కాదు. కాబట్టి ఇందులో లెక్కలన్నీ మీరు కూడా ఫోన్ కాలిక్యులేటర్‌లో చేసుకోగలిగేవే. స్తంభం, స్లాబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఒక్కసారి మాట్లాడండి. మేస్త్రికి అనుభవం ఉంటుంది, కాదనను. కానీ గాలి ఎంత బలంగా పైకి లాగుతుందో అనుభవంతో తెలియదు, తెలిసేసరికి షెడ్డు పక్కవాళ్ల డాబా మీద ఉంటుంది.

అసలు డెక్ ఎందుకు పుట్టింది

అమెరికాలో ఇళ్లు చాలా వరకు చెక్క ఫ్రేముతో కడతారు. చాలా చోట్ల ఇంటి నేల, బయటి నేలకంటే రెండు మూడు అడుగులు ఎత్తులో ఉంటుంది. వెనక పెరడు ఏటవాలుగా ఉంటుంది. చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి ఆ గడ్డకట్టే లోతు కిందికి దిమ్మలు దించాలి. ఇంత లోతు పునాది చుట్టూ తవ్వే బదులు, నాలుగైదు దిమ్మల మీద కర్ర స్తంభాలు నిలబెట్టి పైన పలకలు పరిస్తే పని అయిపోతుంది. కర్ర అక్కడ దొరుకుతుంది, కర్రపని చేసేవాళ్లూ దొరుకుతారు. అంటే డెక్ అనేది ఆ నేలకి, ఆ ఇంటికి, ఆ చలికి వచ్చిన జవాబు. మన ప్రశ్నే వేరు.

ఆ జవాబులో కూడా ప్రమాదం ఉంది. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తు బాల్కనీ పుట్టినరోజు పార్టీ మధ్యలో విరిగిపడింది. ఆరుగురు చనిపోయారు, ఏడుగురికి గాయాలు. ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన విద్యార్థులు. కారణం, లోపలి కర్ర దూలాల్లోకి నీళ్లు దిగి అవి పుచ్చిపోవడం. అంతకుముందు 2003 జూన్ 29న చికాగోలో ఒక పోర్చ్ కూలి 13 మంది పోయారు. రెండు చోట్లా ఒకే పరిస్థితి: ఒకేసారి చాలామంది నిలబడ్డారు. అమెరికాలో ఉన్న మన అక్కలు, బావలు ఎవరైనా ఈ ఎపిసోడ్ చూస్తుంటే ఒక్క పని చేయండి. మీ డెక్ ఇంటి గోడకి అతుక్కునే చోట కింది నుంచి టార్చి వేసి చూడండి. అక్కడ లెడ్జర్ అని ఒక అడ్డదూలం ఉంటుంది. దాన్ని గోడకి బోల్టులతో బిగించారా, మేకులు మాత్రమే కొట్టారా? దాని మీద నీళ్లు దిగకుండా రేకు మలిచారా? డెక్కులు కూలిపోయే కేసుల్లో ఎక్కువగా వదిలేది ఆ అతుకే. ఇంట్లో ఫంక్షన్ పెట్టుకుని నలభై మందిని దాని మీదకి ఎక్కించకముందే ఇది చూసుకోవాలి.

ఇక మన నేల

గుడివాడ, పామర్రు, ముదినేపల్లి చుట్టుపక్కల ఇల్లు కట్టిన ఎవరినైనా అడగండి, ముందు మట్టి గురించే చెప్తారు. నల్లరేగడి. వేసవిలో కాలువలు కట్టేశాక ఈ నేల నెర్రెలిస్తుంది, నెర్రెలో చెయ్యి దూరిపోతుంది. కాలువకి నీళ్లొచ్చి, వానలు పడగానే అదే మట్టి ఉబ్బుతుంది. ఇందులో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్యకి నీళ్లు చేరి వాటిని విడదీస్తాయి. ఎండితే మళ్లీ దగ్గరికొస్తాయి. ఏడాదికోసారి మీ పెరడు ఊపిరి పీల్చి వదులుతోంది అనుకోండి. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు పరిచి "గట్టిగా వేశాం సార్" అంటే మట్టి వింటుందా?

ఇక్కడ ఒక సరదా సంగతి చెప్పాలి. మనవాళ్లు లక్షలు పెట్టి వెళ్లి స్థిరపడ్డ డల్లాస్ చుట్టుపక్కల నేల కూడా ఇదే రకం. టెక్సాస్‌లో నల్లమట్టి బెల్టు ఒకటుంది, అక్కడా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అక్కడ వేసవిలో ఇంటి చుట్టూ సన్న చిల్లుల పైపులు పరిచి పునాదికి నీళ్లు పెడతారు, మొక్కలకి పెట్టినట్టు! మట్టిలో తేమ ఒకేలా ఉంటే ఇల్లు కదలదు అనే లెక్క. గుడివాడ నుంచి ఫ్రిస్కో వెళ్లినా నల్లరేగడి మనల్ని వదల్లేదన్నమాట.

సరే, నేల కదిలితే ఎత్తుగా స్తంభాల మీద చెక్క డెక్ వేయొచ్చు కదా, కింద ఖాళీ ఉంటుంది కదా అని ఒక తమ్ముడు అడిగాడు. లాజిక్ బాగుంది. కానీ ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో చూడండి. అడుగు ఎత్తు ఖాళీ, చీకటి, చల్లదనం, పక్కనే వరిచేను. ముందు కప్పలు, ఎలుకలు వస్తాయి, వాటి వెనక పాములు వస్తాయి. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే అవనిగడ్డ ఆసుపత్రి పేరు రోజూ వార్తల్లో వినిపించింది, మోపిదేవి గుళ్లో సర్పయాగం కూడా చేశారు. మన చేలల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. పిల్లలు ఆడుకునే చోటు కింద, చెయ్యి పెట్టి శుభ్రం చేయలేని, చీపురు అందని గుహ ఒకటి మనమే కట్టడం నాకు అసలు నచ్చని ఆలోచన. దానికి తోడు చెదలు. నేలకి దగ్గరగా, తడిగా, చీకటిగా ఉన్న కర్ర అంటే వాటికి పెళ్లి భోజనమే.

అందుకే నా సలహా ఇది: నేల మీద అయితే అరుగు కట్టండి. కింద ఖాళీ లేకుండా గట్టిగా నింపిన అరుగు. చెక్క లుక్ కావాలంటే దాని మీద పలకలు పరుచుకోండి, అది తర్వాతి మాట.

అరుగు అంటే మనకి కొత్త కాదు. వీధి అరుగు, పెరటి అరుగు, వసారా, పంచ, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. పాత పెంకుటిళ్లలో అరుగు మీదే పేపర్ చదవడం, ధాన్యం బేరం, పంచాయితీ, మధ్యాహ్నం కునుకు. ఇంటికీ వీధికీ మధ్య ఉన్న చోటు. వచ్చినవాడిని లోపలికి పిలవకుండానే కూర్చోబెట్టి మాట్లాడొచ్చు. రోడ్లు ఎత్తు లేపుకుంటూ పోయాం, కారుకి చోటు కావాలన్నాం, అరుగు పోయింది. ఇప్పుడు దానికే ఇంగ్లిష్ పేరు పెట్టుకుని మళ్లీ వెతుక్కుంటున్నాం.

అరుగు కట్టే పద్ధతి

కొలతలతో మొదలుపెడదాం. అరుగు అంచు మీద కాళ్లు కిందకి పెట్టుకుని కూర్చోవాలంటే ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు. ఇదే కుర్చీ ఎత్తు. మంచం వేసుకుని పక్కన మనిషి నడవాలంటే వెడల్పు 6 అడుగులు తప్పనిసరి, 8 అయితే హాయి. నలుగురు కుర్చీలు వేసుకుని మధ్యలో ఒక స్టూలు పెట్టుకోవాలంటే 10 బై 12 అడుగులు చాలు. అంతకంటే పెద్దది కట్టి ఖాళీగా వదిలేసిన ఇళ్లు నేను చాలా చూశా. మెట్టు ఒక్కొక్కటి ఆరంగుళాలు మించకుండా పెట్టండి, అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కే చోటు అది.

ఇప్పుడు మట్టి పని. అరుగు వచ్చే చోట పైన నల్లమట్టి అడుగున్నర నుంచి రెండడుగులు తీసేయండి. అందులో ఎర్ర గ్రావెల్ తోలించి, ఒక్కో పొర ఆరంగుళాలు మించకుండా, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించి, మళ్లీ పొర వేయాలి. ట్రాక్టర్ మొత్తం ఒకేసారి ఒంపి పైన రెండు దెబ్బలు కొట్టడం పనిలోకి రాదు. ఉబ్బని, కాస్త జిగట ఉన్న మట్టి పొర ఒకటి ఉబ్బే మట్టి పైన వేస్తే ఆ ఉబ్బు అదుపులోకి వస్తుందని ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధన చేసి చూపించారు. కాలువలకి, పునాదులకి దేశంలో ఆ పద్ధతి వాడారు.

గ్రావెల్ బదులు ఇసుక నింపుదాం అంటారు కొందరు. జాగ్రత్త. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అంటే అది మట్టి తొట్టి. వాన నీళ్లు అందులోకి దిగి ఎటూ పోలేక నిలబడతాయి, అడుగున ఉన్న నల్లమట్టి నెలల తరబడి నానుతూ ఉబ్బుతుంది. ఏ సమస్యకి మందు వేశామో అదే సమస్యని పెంచి పోషించినట్టు.

ఇక ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అనేవాళ్ల కోసం: అరుగుని ఇంటి గోడకి కట్టేయకండి. ఇంటి పునాది అయిదారు అడుగుల లోతులో కూర్చుని ఉంటుంది, అక్కడ తేమ పెద్దగా మారదు. అరుగు పైపైన ఉంటుంది, అక్కడి మట్టి ప్రతి ఏడూ లేస్తుంది, దిగుతుంది. ఒకటి కదులుతుంది, రెండోది కదలదు, రెండింటినీ ఊచలతో కలిపి కుట్టేస్తే ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. గోడకి, అరుగు స్లాబుకి మధ్య అర అంగుళం సందు వదలండి. పోసేటప్పుడు అర అంగుళం థర్మోకోల్ షీటు అడ్డం పెడితే చాలు. తర్వాత పైన ఒక అంగుళం లోతు గీకి, సాగే సీలెంట్ నింపండి. సిమెంటు నింపితే మళ్లీ మొదటికొచ్చినట్టే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రెండు సర్వీసులు వేరు వేరు స్పీడులో మారుతున్నప్పుడు వాటిని గట్టిగా ముడేయకూడదు కదా, అదే ఇది.

స్లాబు నాలుగంగుళాల మందం, అందులో 8 ఎంఎం ఊచలు ఎనిమిది అంగుళాలకొకటి రెండు వైపులా. 10 బై 12 అరుగుకి కాంక్రీటు 40 ఘనపుటడుగులు. ఒకటికి ఒకటిన్నరకి మూడు పాళ్లలో కలిపితే సిమెంటు 9 బస్తాలు, ఇసుక 17, కంకర 34 ఘనపుటడుగులు పడుతుంది. చేజారేది కాస్త కలుపుకుని, పది బస్తాలు తెప్పించుకోండి. ఇరవై బస్తాలు రాసిచ్చిన చీటీ మీ చేతికొస్తే, ఎందుకో మర్యాదగా అడగండి.

వాటం మర్చిపోవద్దు: ఇంటి నుంచి బయటికి, ఎనిమిది అడుగులకి కనీసం ఒక అంగుళం దిగాలి. క్యూరింగ్ విషయంలో ఐఎస్ 456 కోడ్ మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకి 10 రోజులు చెప్తుంది. మన ఎండల్లో ఇవి 10, 14 రోజులు. ఈ రోజుల్లో షాపులో దొరికేది ఎక్కువగా పీపీసీయే, బస్తా మీద చదవండి. పొద్దున్నా సాయంత్రం బకెట్‌తో చల్లడం కాదు, గోనెసంచులు పరిచి తడిగా ఉంచాలి.

అరుగు పక్కన చెట్టు విషయం కూడా ఒకమాట. వేప, రావి లాంటి పెద్ద చెట్టు వేసవిలో మట్టిలోంచి నీళ్లు లాగుతుంది, ఆ వైపు నేల దిగుతుంది. నీడ బాగుంటుందని అరుగుకి ఆనించి పెట్టకండి, దూరంగా పెట్టండి. పెరిగిన చెట్టు ఎత్తు ఎంతో అంత దూరం అయితే బెంగ ఉండదు. చిన్న స్థలంలో అంత దూరం ఎక్కడిది అంటారా, అప్పుడు పారిజాతం, కరివేపాకు, గన్నేరు లాంటి చిన్నవాటితో సరిపెట్టుకోవడమే.

పైన ఏం పరచాలి

కడప నల్లరాయి చూడ్డానికి రిచ్‌గా ఉంటుంది, ఏప్రిల్‌లో మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నడవలేరు. నీడ ఉన్న వసారాకైతే ఓకే. ఎండ పడే చోటికి తాండూరు బూడిదరంగు రాయి, బేతంచెర్ల రాయి నయం. పాలిష్ పట్టించొద్దు, గరుకుగా ఉంచండి, వానలో జారదు. ఇవన్నీ సున్నపురాయి జాతే, కాబట్టి నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్ పడితే మచ్చ ఉండిపోతుంది.

చెక్క కావాలనేవాళ్లకి: టేకు అయితే చేవ కర్రే. పక్కనుండే తెల్ల కర్ర టేకే అయినా పుచ్చుతుంది, చెదపడుతుంది. పలక పలకకి మధ్య సన్నసందు వదలాలి, నీళ్లు దిగిపోవాలి. డబ్ల్యూపీసీ అని ప్లాస్టిక్, చెక్కపొడి కలిపిన పలకలు వస్తున్నాయి. చెదలు పట్టే భయం తక్కువ, ఏటా నూనె రాసే పని లేదు. కానీ ఎండకి బాగా వేడెక్కుతాయి, పొడవుగా సాగుతాయి. కంపెనీ షీటులో చివర ఎంత సందు వదలాలో రాసి ఉంటుంది, బిగించేవాళ్లు అది చదవరు, మీరు చదవండి. కింద ఫ్రేముకి ఇనుప పైపు కాకుండా అల్యూమినియం అడగండి. మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తినేస్తాయి, 304 స్టెయిన్‌లెస్ కూడా మచ్చలు పడుతుంది, 316 అని అడిగి తీసుకోండి.

నీడ, గాలి

మనం ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం దాటి కాస్త పైన. సూర్యుడు మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మన కష్టం మాత్రం పడమటి ఎండతో. సాయంత్రం నాలుగింటికి అది అడ్డంగా వచ్చి కళ్లలో కొడుతుంది, పై రేకు దాన్ని ఆపలేదు. అందుకే సాయంత్రం కూర్చునే చోటు తూర్పు వైపో, ఆగ్నేయం వైపో పెట్టుకుంటే ఇల్లే మీకు గొడుగు. పైగా సముద్రం మనకి దక్షిణం, ఆగ్నేయం వైపు. వేసవి సాయంత్రం వచ్చే చల్లగాలి అటునుంచే. వాస్తు ప్రకారం ఏ మూల ఏముండాలో అది మీ ఇంటి పెద్దల డిపార్ట్‌మెంట్, నేను వేలు పెట్టను.

ఇప్పుడు పైకప్పు. ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

కోస్తా ఆంధ్రలో మనది గాలివాన దారి. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ఊడ్చేసిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కట్టడాల మీద గాలి లెక్క చెప్పే ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మనం విజయవాడ కంటే సముద్రానికి దగ్గర.

ఫోన్ తీయండి. గాలి ఒత్తిడి అంటే వేగాన్ని వేగంతో గుణించి 0.6తో గుణించాలి. 50 ఇంటూ 50 ఇంటూ 0.6, 1,500 న్యూటన్లు. అంటే చదరపు మీటరుకి 150 కిలోల చొప్పున. 10 బై 12 అడుగుల రేకు 11 చదరపు మీటర్ల పైచిలుకు. గుణిస్తే దగ్గర దగ్గర 1,670 కిలోలు. పక్కగోడల్లేని షెడ్డు కింద దూరిన గాలి, పైనుంచి వెళ్లే గాలి కలిసి రేకుని పైకి లాగే బలం సుమారుగా ఆ స్థాయిలో ఉంటుంది. అసలు డిజైన్‌లో ఇంకా గుణకాలు ఉంటాయి, మనకి అంచనా చాలు. మీ రేకు, పైపులు అన్నీ కలిపితే ఎంత బరువు? రెండు వందల కిలోలు ఉంటే ఎక్కువ. మనందరం షెడ్డు కింద పడకూడదని స్తంభాలు వేస్తాం. తుపాను రోజు షెడ్డు పైకి ఎగరకూడదని కింద కట్టేయాలి.

నాలుగు స్తంభాలైతే ఒక్కోదానికి సుమారు 418 కిలోల లాగుడు. రెండడుగులు బై రెండడుగులు, అడుగున్నర లోతు కాంక్రీటు దిమ్మ బరువు సుమారు 410 కిలోలు. షెడ్డు సొంత బరువు కలుపుకుంటే దాదాపు సరిపోతుంది, కాస్త మిగులు కూడా ఉండాలి కాబట్టి ఇంకో అరడుగు లోతుకి వెళ్లండి. ఇప్పుడు మీ వీధిలో షెడ్లు చూసి రండి. ఎక్కువ వాటికి పైపు కింద చిన్న పలక, ఆ పలకకి నాలుగు బోల్టులు, ఆ బోల్టులు రెండంగుళాలు టైల్‌లోకి. అంతే. అది దిమ్మకి కట్టింది కాదు, టైల్‌కి కట్టింది. మాకు తెలిసిన ఒకరింట్లో డాబా మీద రేకుల షెడ్డుకి వేసిన కొటేషన్ చూశా, పేజీన్నర ఉంది. రేకు మందం, రంగు, బ్రాండు అన్నీ ఉన్నాయి. స్తంభం కింద ఏముంటుందో ఒక్క ముక్క లేదు. మీ కొటేషన్‌లో ఆ ముక్క రాయించుకోండి.

రేకు అంచుల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి. ఇంటికి ఆనుకుని కట్టేవాళ్లు వాన లెక్క కూడా చూసుకోవాలి: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ 11 మీటర్ల రేకు మీద నుంచి 550 లీటర్లు దిగుతాయి. అవి మీ అరుగు పునాదిలోకి పోతే పైన చెప్పిన కష్టమంతా వృథా. గట్టర్ పెట్టి, పైపుతో దూరంగా వదలండి, లేదా డ్రమ్ములో పట్టుకోండి. పక్కింటి గోడ మీదికి మాత్రం వదలకండి. మున్సిపాలిటీ ప్లాన్‌లో ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ మీద పైకప్పు వేసేముందు కూడా ఒకసారి అడిగి వేయండి.

ఇదంతా వద్దనుకునేవాళ్లకి మన పాత పెర్గోలా ఉంది. పందిరి! సరుగుడు కర్రలు, పైన అడ్డబద్దలు, దాని మీద మల్లె, సన్నజాజి, రాధామనోహరం, తినే ఇంట్లో అయితే బీర, సొర, చిక్కుడు. ఆకుల సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి రేకుని లాగినంత బలంగా దీన్ని లాగదు. ఆకు నీడ రేకు నీడ కంటే చల్లన. వేసవి మూడు నెలలకి తాటాకు చలువ పందిరి కూడా బాగుంటుంది, కాకపోతే పొయ్యి, దీపావళి సామాను, సిగరెట్టు దాని దరిదాపుల్లో ఉండకూడదు. సరుగుడు కర్ర నేలలో పాతిన చోటే ముందు పుచ్చుతుంది, అందుకని కర్రని నేరుగా మట్టిలో దించకుండా దిమ్మలో ఇనుప కాలు పెట్టి దానికి బిగించండి. నన్ను అడిగితే ఒక అరుగు, దాని మీద ఒక పాదు పందిరి, అంతకు మించి అక్కర్లేదు.

డాబా మీద వేద్దామనేవాళ్లకి

గుడివాడ టౌన్‌లో చాలామందికి పెరడు లేదు, డాబానే ఉంది. ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనుషులు ఎక్కే డాబాని చదరపు మీటరుకి 150 కిలోల భారానికి లెక్కేస్తారు. మెట్లే లేని కప్పు అయితే 75 కిలోలే. బాల్కనీకి 300. ఇప్పుడు చూడండి: ఒక అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. లాన్ వేద్దాం అని డాబా అంతా అడుగు మట్టి నింపడం అంటే లెక్కకి మూడు రెట్లు మించి పెట్టడం, అదీ రోజూ, ఇరవై నాలుగు గంటలూ. పాత టైల్స్ తీయకుండా దాని మీద రెండంగుళాల మాలు, ముప్పావంగుళం రాయి పరిస్తే అదే 150 కిలోలు. అంటే మీరు ఎక్కకముందే మీ వాటా అయిపోయింది.

అందుకే డాబా మీద తేలికవే: నేలకి మేకు కొట్టకుండా క్లిప్‌తో అతికే డెక్ టైల్స్, తేలికపాటి కుండీ మిశ్రమం, బరువు కుండీలైతే మధ్యలో కాకుండా దూలాలు, గోడలు వచ్చే చోట అంచుల వెంట. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, రెండు రోజులు నీళ్లు కట్టి చూసి, తర్వాతే ఏదైనా పరచండి. ఉయ్యాల హుక్కు కోసం పాత స్లాబుకి కన్నం పెట్టొద్దు. స్టాండు ఉయ్యాల కొనుక్కోండి, అది కూడా పిట్టగోడకి దూరంగా.

మిగిలినవి గబగబా. దోమలు: మన ఊళ్లో ఇది పరిష్కరించకుండా ఎన్ని లక్షలు పోసినా ఆరున్నరకి అందరూ లోపలికే. దోమ బలంగా ఎగరలేదు, అందుకని ఒక ఫ్యాను పాయింటు తప్పనిసరిగా పెట్టుకోండి. కుండీల కింద పళ్లాల్లో నీళ్లు వారానికోసారి ఒంపేయండి, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. కరెంటు: బయటి పాయింట్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాల్సిందే. తడికాళ్లతో నిలబడి లైటు ప్లగ్ పెట్టే చోటు అది. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న లైట్ల తీగలు ఇనుప పైపుకి చుట్టేముందు అవి బయట వాడేవేనా, అడాప్టర్ తడవని చోట ఉందా చూడండి.

ఆఖరిగా, ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. మే నెలలో నేల ఎండి నెర్రెలిచ్చి ఉన్నప్పుడు స్లాబు వేస్తే, వానలు రాగానే కింది మట్టి ఉబ్బి పైకి తోస్తుంది. వానల్లో తవ్వితే బురద, దిమ్మిస దిగదు. సంక్రాంతి వెళ్లాక, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మట్టిలో తేమ మధ్యస్థంగా ఉంటుంది, ఎండ ముదరదు, తుపాన్లు ఉండవు, క్యూరింగ్‌కి నీళ్లుంటాయి. అప్పటిదాకా మీరు కూర్చోవాలనుకున్న చోట ఒక కుర్చీ వేసుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అరగంట చొప్పున కూర్చుని చూడండి. ఎండ ఎటు పడుతోంది, గాలి ఎటు వస్తోంది, పక్కింటి వంటింటి పొగ ఎటు పోతోంది, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపితే వాటిలో నాలుగైదు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో ప్లాన్లు గీద్దాం.